పాటల ఉత్తరాలు: ఫ్రాన్స్వాజ్ ఆర్డీ తొలి రికార్డు

ప్రశ్న: ‘మూన్‌రైజ్ కింగ్‌డమ్’ సినిమాలో ఇద్దరు పిల్లలు సముద్రపు ఒడ్డున చిన్న రికార్డ్ ప్లేయర్ పెట్టుకుని ఒక ఫ్రెంచ్ పాటకు డాన్స్ చేస్తారు. ఆ పాట కోసం వెతుకుతుంటే ఫ్రెంచ్ గాయని ఫ్రాన్స్వాజ్ ఆర్డీ 1962 ఆల్బమ్ దొరికింది. మొత్తం విన్నాను, బాగా నచ్చింది. మా తమ్ముడేమో “అన్నీ ఒకేలా ఉన్నాయి, మ్యూజిక్ మరీ పేలవంగా ఉంది” అని కొట్టిపారేస్తున్నాడు. నాకు ఫ్రెంచ్ రాదు. వాడికి ఏం చెప్పమంటారు?

జవాబు: ముందు సగం ఒప్పేసుకోండమ్మా. మ్యూజిక్ పేలవంగా ఉందని మీ తమ్ముడి కంటే ముందు ఆర్డీయే అన్నది. హడావుడిగా రికార్డు చేయించారనీ, వాయించినవాళ్లు ఏమంత గొప్పవాళ్లు కారనీ పెద్దయ్యాక కూడా ఇంటర్వ్యూల్లో సణుగుతూనే ఉండేది. పాడినావిడే మెచ్చని రికార్డును మనం భుజాన వేసుకుని మోస్తున్నామన్నమాట.

మోయడానికి నా కారణం నాకుంది. ఆల్బమ్‌లో మొదటి పాట, ‘తూ లే గార్సోం ఎ లే ఫీయ్’, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. గిటార్ తీగల్ని ఒక్కొక్కటిగా మీటుతుంటారు, కింద బేస్, వెనక నెమ్మదిగా డ్రమ్స్. మూడు నిమిషాల పాటూ దాదాపు అంతే. వయొలిన్లు ఉప్పొంగవు, కోరస్ వచ్చి ఆదుకోదు. ఆ అమ్మాయి గొంతు కూడా ఎక్కడా పెద్దది కాదు, వాక్యం చివరికి వచ్చేసరికి ఊపిరి కాస్త తగ్గిపోతుంది. మంచి ఆర్కెస్ట్రా ఉండి ఉంటే ఆ ఊపిరి మనకు వినబడేది కాదు. పిసినారి రికార్డు కంపెనీ చేసిన మేలు అది.

మాటల సంగతి కూడా చెప్పాలి. నా ఈడు ఆడపిల్లలూ మగపిల్లలూ అందరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని జంటలుగా వీధిలో నడుస్తున్నారు, నేను మాత్రం ఒంటరిగా పోతున్నాను, నన్ను ప్రేమించేవాళ్లు ఎవరూ లేరు. విషయం ఇంతే. ఉపమానాల్లేవు, శపథాల్లేవు. చివరి చరణంలో నాకూ ఒక రోజు వస్తుందిలే అని కాస్త ఆశ. ఫ్రెంచ్ నేర్చుకునేవాళ్లకు మొదటి నెలలోనే అర్థమయ్యే మాటలు. అంత తేలిక మాటలతో పాట నిలబెట్టడం ఎంత కష్టమో రాసేవాళ్లను అడగండి.

అప్పట్లో ఫ్రాన్స్‌లో కుర్రకారు వింటున్నది వేరే. అమెరికాలో ఏది హిట్టయితే దానికి ఫ్రెంచ్ మాటలు కట్టి పాడేయడం. 1961లో జానీ హాలిడే అనే ఫ్రెంచ్ గాయకుడు దేశాన్ని ట్విస్ట్ డాన్స్ ఆడించింది అమెరికన్ గాయకుడు చబ్బీ చెకర్ పాటతోనే. సిల్వీ వార్తాన్, రిషార్ ఆంథోనీ, అందరిదీ అదే దారి. అందరూ ‘రండి, ఆడదాం’ అని పిలుస్తుంటే ఒక పద్దెనిమిదేళ్ల పిల్ల వచ్చి ‘నాతో ఆడేవాళ్లు లేరు’ అంది, అదీ తను రాసుకున్న మాటల్లో. పాప్ పాటలో ఒంటరితనం ఇప్పుడు మామూలు సరుకు. అప్పుడు కాదు.

ఆ ఒంటరితనం నటన కూడా కాదు. పారిస్ తొమ్మిదో వార్డులో, ఓమాల్ వీధిలో చిన్న ఫ్లాట్. తల్లి ఒంటరిగా ఇద్దరు కూతుళ్లను పెంచింది. తండ్రికి వేరే సంసారం ఉండేది, వచ్చేది తక్కువ. పదహారేళ్లకు బాకలోరియా, అంటే స్కూలు చదువు చివరి పరీక్ష, పాసైనప్పుడు బహుమతిగా గిటార్ వచ్చింది. గిటార్ మీద నాలుగు కార్డ్స్ (కలిపి మీటే స్వరాలు) కూడా సరిగ్గా రాకుండానే పాటలు కట్టడం మొదలుపెట్టింది. చెవికి మాత్రం మంచి తిండి పెట్టింది: ఇంగ్లిష్ పాటల కోసం రాత్రిళ్లు రేడియో లక్సెంబర్గ్ వినేది. 1961 చివర్లో వోగ్ అనే రికార్డు కంపెనీ ఆమెతో ఒప్పందం చేసుకుంది.

ఇక పాట ఎలా పేలిందో వింటే మీ తమ్ముడికి నవ్వొస్తుంది. కంపెనీ నమ్ముకున్నది ఈ పాటను కాదు, ‘ఓ ఓ షెరీ’ అనే అమెరికన్ పాట ఫ్రెంచ్ రూపాన్ని. 1962 అక్టోబర్ 28న అప్పటి ఫ్రాన్స్ అధ్యక్షుడు ద గోల్ పెట్టిన రెఫరెండం జరిగింది, దేశాధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా ఎన్నుకోవాలా వద్దా అని. ఆ రాత్రి ఫలితాల కోసం జనమంతా టీవీల ముందు కూర్చున్నారు. దేశం మొత్తానికి ఉన్నదే ఒక ఛానల్. లెక్కింపు వార్తల మధ్య ఖాళీ నింపడానికి ఈ పొడుగాటి, సిగ్గరి అమ్మాయి చేత పాడించారు. తెల్లారేసరికి ఆమె ఎవరో ఫ్రాన్స్‌కు తెలిసిపోయింది. రికార్డులు లక్షల్లో అమ్ముడుపోయాయి. రాజకీయాల వల్ల ఒక మంచి పాట జనంలోకి వెళ్లడం నాకు తెలిసి చాలా అరుదు!

‘అన్నీ ఒకేలా ఉన్నాయి’ అన్నదానికి మాత్రం నా దగ్గర గట్టి జవాబు లేదు. మధ్యలో రెండు మూడు పాటలు నాకూ కలిసిపోతాయి. పన్నెండూ కలిపి అరగంట కూడా ఉండవు కదా, ఓర్చుకోమనండి.

ప్రశ్న: పాటలన్నీ ఆమే రాసిందా? కొన్నిచోట్ల వేరే పేర్లు కూడా కనిపిస్తున్నాయి.

జవాబు: పన్నెండింటిలో రెండు తప్ప మిగతావన్నీ ఆమె రాసినవే. కొన్నిటి బాణీల్లో ఇతరుల చెయ్యి ఉంది. ఆ రెండింట్లో ఒకటి పైన చెప్పిన ‘ఓ ఓ షెరీ’. రెండోది, విచిత్రంగా, పై ఉత్తరం రాసినావిడ సినిమాలో విన్న పాటే, ‘ల తాం ద లమూర్’. దాని బాణీ జాక్ ద్యూత్రోంది. ముందు మాటల్లేకుండా గిటార్లతో ఒక బ్యాండ్ వాయించిన ట్యూన్ అది. తర్వాత లూసియాం మొరిస్, ఆంద్రే సాల్వే మాటలు రాశారు. అందుకే ఆల్బమ్‌లో అదొక్కటే కాస్త గూఢచారి సినిమాలా నడుస్తుంది. ఆ ద్యూత్రోనే కొన్నేళ్లకు ఆమె జీవితంలోకి వచ్చాడు. 1973లో వాళ్లకు కొడుకు పుట్టాడు, పెళ్లి 1981లో.

ఆమె రాసినవాటిలో ఒక పాట పేరులోనే వ్యాకరణ దోషం ఉంది. ‘సెతా లమూర్ ఓకెల్ జ పాంస్’ అనే పాటలో ఒకే విభక్తి రెండుసార్లు పడింది. స్కూల్లో అయితే ఎర్ర సిరా తప్పదు. ఎవరూ దిద్దకుండా అలాగే అచ్చేశారు, నాకైతే అది ఆ వయసుకు అందంగానే ఉంది.

ప్రశ్న: ఈ ఆల్బమ్ అసలు పేరేమిటి? ఒక్కో చోట ఒక్కోలా ఉంది.

జవాబు: కవర్ మీద గొడుగు పట్టుకున్న ఆమె ఫొటో, ఆమె పేరు. ఆల్బమ్‌కంటూ వేరే పేరు పెట్టలేదు. అప్పట్లో ఫ్రాన్స్‌లో కుర్రాళ్లు కొనేది నాలుగు పాటల చిన్న రికార్డులు. అవి ఆడితే వాటి పాటలు పోగేసి పెద్ద రికార్డు వేసేవారు. జనం హిట్ పాట పేరుతోనే దీన్ని పిలుస్తూ వచ్చారు. 1965లో అమెరికాలో ‘ద యే-యే గర్ల్ ఫ్రమ్ పారిస్’ అని అట్ట మార్చి అమ్మారు (అప్పటి ఫ్రెంచ్ కుర్రకారు పాప్‌ను ‘యే-యే’ అనేవారు). మీరు చూసిన మూడూ ఒకే సరుకు, మూడుసార్లు కొనకండి.

ప్రశ్న: దీని తర్వాత ఏం వినాలి?

జవాబు: 1964 నుంచి ఆమె లండన్‌లో, ఆర్కెస్ట్రా సమకూర్చే చార్లెస్ బ్లాక్‌వెల్‌తో రికార్డు చేసింది. తను కోరుకున్న ఆర్కెస్ట్రా అక్కడ దొరికింది. మంచి పాటలే, కానీ నేనైతే వాటిని దాటించి సూటిగా 1971 ‘లా కెస్త్యోం’ దగ్గరికి పంపుతాను. బ్రెజిల్ గిటారిస్టు త్యూకాతో కలిసి చేసింది. తొలి ఆల్బమ్‌లో బడ్జెట్ లేక బోసిగా ఉన్న చోట ఇక్కడ కావాలని ఖాళీ వదిలారు. అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. రాత్రి పూట వినండి, పని చేసుకుంటూ మాత్రం వద్దు.