చేతిపని: తాతయ్య తుపాకీ నమూనా

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో మా తాతయ్య స్నైపర్. ఆయన పట్టుకున్న నంబర్ 4 (టి) రైఫిల్ నమూనాను చెక్కతో చేసి, ఆయన ఫోటో కింద పెట్టాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
- ఒక పాఠకుడు, పరకాల

జవాబు: మంచి ఆలోచన. నంబర్ 4 (టి) అంటే స్నైపర్ల కోసం టెలిస్కోప్ బిగించిన బ్రిటిష్ లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్. దాని పొడవు సుమారు 113 సెంటీమీటర్లు. ముందు అసలు సైజులో అట్టముక్క మీద గీసుకోండి. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి చెక్క చెక్కడానికి హాయిగా ఉంటుంది కానీ, గోరు తగిలినా నొక్కు పడుతుంది. పాత తలుపు చెక్క దొరికితే టేకే మేలు. వరంగల్‌లో పాత కలప అమ్మేవాళ్ల దగ్గర అడగండి.

దీన్ని మామూలు రైఫిల్ నుంచి వేరు చేసేవి రెండు. ఒకటి, తుపాకీ మడమ (భుజానికి ఆనించే వెనక భాగం) పైన స్క్రూలతో బిగించిన చెంప దిమ్మె. టెలిస్కోప్ ఎత్తుకు కన్ను అందాలంటే చెంపకు ఆ ఆసరా కావాలి. దాని పైఅంచు గుండ్రంగా, చెయ్యి పెడితే జారేలా ఉండాలి. నేనైతే ఎక్కువ సమయం దీనికే ఇస్తాను. రెండోది 3.5 రెట్లు పెద్దగా చూపే నంబర్ 32 టెలిస్కోప్. దాని బ్రాకెట్‌ను ఎడమ పక్క రెండు పెద్ద మరలతో చేత్తోనే బిగిస్తారు. గొట్టాన్ని లేత్ మీద తిప్పించుకోండి.

మెరిసే వార్నిష్ వద్దు, అవిసె నూనె పలచగా పట్టించండి. బ్యారెల్ నిండు కర్రే ఉండాలి, రంధ్రం వేయొద్దు. ఊరేగింపులకు, బారాత్‌లకు బయటికి తీయొద్దు. దూరం నుంచి చూసేవాళ్లకు అది నిజం తుపాకీయే.