ట్యాంకులో ఏం పోస్తున్నావు తల్లీ?

చిట్టితల్లీ,

నువ్వు ఉద్యోగం మానేసి పాల చిల్లింగ్ సెంటర్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఏడుపు గొంతుతోనే చెప్పింది గానీ లోపల మురిసిపోతోంది. నేనూ అంతే. నువ్వు వాట్సాప్‌లో పంపిన కొటేషన్ చదివాక మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

స్థలం, లోను, లైసెన్సు, కరెంటు లోడు నాకంటే నీకే బాగా తెలుసు. నా టెన్షనంతా ఆ ట్యాంకు గురించే.

పగలు సోలారుతో చల్లదనం దాచిపెట్టి సాయంత్రం పాలకు వాడుకోవాలన్న ఆలోచన బాగుంది. కొటేషన్ ఇచ్చినవాడు ట్యాంకు నిండా గ్లైకాల్ (గడ్డకట్టకుండా నీళ్లలో కలిపే ద్రవం) పోసి, దాన్నే పాలను చల్లబరిచే ప్లేట్లకు తిప్పమన్నాడే, అది మాత్రం బాగాలేదు. అమ్ముకునేవాడి లెక్క వాడిది, నీ లెక్క నువ్వు వేసుకో. వెయ్యి లీటర్ల పాలను 35 డిగ్రీల నుంచి 4కి దింపాలంటే దాదాపు 1,25,000 కిలోజౌళ్లు లాగాలి. నీళ్లు కిలోకి డిగ్రీకి 4.18 కిలోజౌళ్లే తీసుకుంటాయి. నాలుగు డిగ్రీలు వేడెక్కనిస్తే ఆ పనికి ఏడున్నర వేల లీటర్ల చల్లనీళ్లు కావాలి. అదే ఐసైతే కిలో కరగడానికే 334 కిలోజౌళ్లు లాక్కుంటుంది. 375 కిలోలతో సరిపోతుంది. 30 శాతం గ్లైకాల్ కలిపిన నీళ్లు మామూలు నీళ్లకంటే తక్కువ వేడినే మోస్తాయి, పైగా చల్లబడేకొద్దీ చిక్కబడి పంపుకు భారమవుతాయి. గ్లైకాల్ గొప్పతనమల్లా సున్నా కింద కూడా గడ్డకట్టకుండా పారడమే. దాన్ని చల్లబరిచే మిషన్‌కీ, అదే చిల్లర్‌కీ, ట్యాంకులోని కాయిల్‌కీ మధ్య తిప్పు. కాయిల్ చుట్టూ ఐసు కట్టనీ, ఆ ఐసు నీళ్లు పాల ప్లేట్లలోకి వెళ్లనీ.

పీసీఎం అని, కరుగుతూ గడ్డకడుతూ చల్లదనం దాచే ఖరీదైన పదార్థమేదో కూడా రాశాడు. గ్లాబర్ ఉప్పు లాంటివి 32 డిగ్రీల దగ్గర కరుగుతాయి, అవి గదుల వేడికి పనికొచ్చేవి. పాలకు కావలసిన సున్నా దగ్గర కరిగేవాటిలో నీళ్లకంటే చవకైనది లేదు.

ఇక నేను ఒకప్పుడు పనిచేసిన డెయిరీ సంగతి చెబుతాను, ఓపిగ్గా చదువు. అక్కడ ఎండాకాలమంతా గ్లైకాల్ పంపు గ్లాండ్ (ఇరుసు చుట్టూ కారకుండా ఉండే సీలు) కారేది. బాగుచేయిస్తే ఒక పూట పాలు ఆగుతాయని మేనేజరు ఒప్పుకోలేదు. లెవెల్ తగ్గినప్పుడల్లా కుళాయి పైపు పెట్టి నీళ్లు నింపించేవాడు. మీటరు చూస్తే ఉష్ణోగ్రత సరిగ్గానే ఉండేది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. 30 శాతం ప్రొపిలీన్ గ్లైకాల్ సుమారు మైనస్ 13 దాకా గడ్డకట్టదు. నీళ్లు కలిపేకొద్దీ ఆ పాయింటు పైకి జరిగిపోతుంది, మీటరు ఆ మాట చెప్పదు. ఒక రాత్రి చిల్లర్ ప్లేట్ల మధ్య గడ్డ కట్టేసింది. ప్లేటు పగిలి గ్యాసు గ్లైకాల్లోకి, గ్లైకాల్ కంప్రెసర్‌లోకి పోయింది. తెల్లారేసరికి పాలన్నీ పులిశాయి. క్యాన్లతో వచ్చిన రైతులు గేటు దగ్గర నిలబడి అడుగుతుంటే ఆ మేనేజరు ఆఫీసు తలుపు వేసుకున్నాడు.

అంతటితో అయిపోలేదు. కొత్త చిల్లర్ బిగించాక గ్లైకాల్ రావడానికి ఆలస్యమవుతుందని, ఆయనే లారీ స్పేర్ల షాపు నుంచి ఆకుపచ్చ కూలెంట్ క్యాన్లు తెప్పించాడు. మా హెడ్ మిస్త్రీ లేబుల్ చదివి క్యాను మీద కూర్చున్నాడు, లేవనంటే లేవనన్నాడు. అది ఇథిలీన్ గ్లైకాల్. తియ్యగా ఉంటుంది, అరగ్లాసు లోపలికి పోతే మనిషి బతకడం కష్టం, కిడ్నీలు పోతాయి. పాల ప్లేటుకు సూది బెజ్జమంత చిల్లు పడితే ఆ పాలు తాగేది ఎవరమ్మా? పసిపిల్లలు. చాదస్తమని నవ్వుకున్నా సరే, నీ ఆవరణలో ఆ క్యాను ఒక్కటి కూడా కనబడకూడదు. జనరేటర్ రేడియేటర్‌కు కావాలంటే మెకానిక్‌నే తెచ్చుకుని, మిగిలింది పట్టుకుపొమ్మను.

నువ్వు కొనేది ఇన్హిబిటర్ (తుప్పు పట్టనివ్వని మందు) కలిపిన ఫుడ్ గ్రేడ్ ప్రొపిలీన్ గ్లైకాల్. సర్టిఫికెట్ చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వు. బోరు నీళ్లతో కలపకు, ఆర్‌ఓ నీళ్లు వాడు. ఆ లైనులో జీఐ పైపు (జింకు పూత ఇనప పైపు) వద్దు, జింకుకీ ఇన్హిబిటర్‌కీ పడదు. ప్లేట్లలో పాల వైపు ప్రెషర్ ఐసు నీళ్లకంటే ఎప్పుడూ ఎక్కువుండేలా సెట్ చేయించు, లీకైతే పాలే బయటికి రావాలి. కాయిల్ మీద ఐసు మరీ మందం కట్టకుండా సెన్సార్ పెట్టించు. తగ్గిన గ్లైకాల్‌కు ఉత్త నీళ్లు పోసినవాణ్ణి ఆ రోజే పనిలోంచి తీసెయ్. తీసెయ్‌లేవులే, నీది మీ అమ్మ మనసు. కనీసం గట్టిగా తిట్టు.

నా రిఫ్రాక్టోమీటర్ ఇంకా పనిచేస్తోంది. అద్దం మీద రెండు చుక్కలు వేసి చూస్తే గ్లైకాల్ శాతం తెలిసిపోతుంది. నెలకోసారి చూసి పుస్తకంలో రాయించు. మొదటిసారి గ్లైకాల్ నింపే తేదీ చెప్పు, అది పట్టుకుని నేనే వస్తాను. టికెట్ నువ్వు తీయకు, నేనే తీసుకుంటాను. కొత్త కొటేషన్ వచ్చాక సంతకం పెట్టేముందు ఫోన్ చెయ్.

మీ మామయ్య