జెంటామైసిన్ తరువాత తూలుడు: లోపలి చెవి రోమకణాలు మళ్లీ పుడతాయా?

జెంటామైసిన్ అనే యాంటీబయోటిక్ ఇంజెక్షన్ల తరువాత మీ అమ్మగారు చీకట్లో తూలిపోతున్నారనీ, ఆ మందు దెబ్బతీసే లోపలి చెవిలోని రోమకణాలను (శబ్దాన్ని, తల కదలికను గ్రహించే కణాలను) మూలకణాలతో తిరిగి పెంచుతామంటున్న క్లినిక్‌కు తీసుకువెళ్లవచ్చా అనీ అడిగారు. వద్దనే నా సలహా. అటువంటి చికిత్స మనుషులలో పనిచేస్తుందని ఇంతవరకు రుజువు కాలేదు. పక్షులలో ఈ కణాలు నశించినా పక్కనున్న ఆధార కణాల నుంచి మళ్లీ పుడతాయని 1980ల చివరలోనే తేలింది. క్షీరదాలలో వినికిడిని చూసే కాక్లియాకు ఆ శక్తి పెద్దయ్యాక దాదాపు ఉండదు గాని, సమతుల్యతకు తోడ్పడే యుట్రికిల్‌లో అది కొద్దిగా మిగిలి ఉంటుందని 1993లో గినీ పందులపై జరిగిన ప్రయోగాలు చూపాయి. రోమకణాలు ఏర్పడేలా చేసే ఏటోహెచ్1 జన్యువును ఆధార కణాలలో మేల్కొల్పి ఆ శక్తిని పెంచాలని పరిశోధకులు ప్రయత్నిస్తున్నారు. అయితే కణం పుట్టడం ఒక్కటే చాలదు, అది సరైన దిశకు తిరిగి నాడితో కలవాలి. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ప్రస్తుతం నిజంగా మేలు చేసేది వెస్టిబ్యులర్ రిహాబిలిటేషన్, అంటే సమతుల్యతను తిరిగి అలవరచే వ్యాయామ చికిత్స. ఒక గుర్తుపై చూపు నిలిపి తలను అటూ ఇటూ తిప్పడం వంటి వ్యాయామాలను శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు వద్ద నేర్పించి రోజూ చేయిస్తే, మెదడు కళ్లపైనా పాదాల స్పర్శపైనా ఎక్కువగా ఆధారపడడం అలవరచుకుంటుంది. తలతిరుగుడు తగ్గించేందుకు ఇచ్చే స్టెమెటిల్ వంటి మాత్రలను నెలల తరబడి వాడితే ఈ సర్దుబాటు మందగించవచ్చు కనుక వాటి గురించి వైద్యుడిని తప్పక అడగండి. ఇకపై ఏ ఆసుపత్రికి వెళ్లినా జెంటామైసిన్ వల్ల జరిగిన హానిని ముందుగానే చెప్పండి.