ఇంగిలాయి ముల్లు గుచ్చుకుంటే ఏం చేయాలి? ఆ చేపను తినవచ్చా?

చంద్రగిరి దగ్గరి చెరువులో గాలం వేస్తుండగా తమ్ముడి చేతికి ఇంగిలాయి ముల్లు గుచ్చుకుందనీ, నొప్పి మోచేతి దాకా లాగుతోందనీ, ఇంట్లో పెద్దవాళ్లు అది విషపు చేప గనుక పారేయమంటున్నారనీ ప్రశ్న అడిగినవారు రాశారు. ముందుగా తమ్ముడి చేతిని ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో పెట్టించండి. చేపను మాత్రం పారేయకండి. ఈ రెండు మాటలకూ ఆధారం ఒక్కటే. ఆ విషం ఒక రకం ప్రోటీన్, అది వేడికి నిలవదు. పైగా అది ఉండేది ముల్లును కప్పి ఉండే పల్చటి చర్మంలోనే తప్ప మనం తినే కండలో కాదు.

ఇంత ధీమాగా చెప్పడానికి కారణం నా ఎడమ చెయ్యి. 2021 నవంబరు వానలను తిరుపతి చుట్టుపక్కల వాళ్లెవరూ మరిచిపోలేదు. రాయలచెరువు కట్ట నుంచి నీరు కారుతోందని కింది ఊళ్లను ఖాళీ చేయించిన రోజులవి. అంతకుముందు ఏళ్ల తరబడి బీటలు వారి ఉన్న మా ఊరి చిన్న చెరువు కూడా ఆ వానలకు నిండి మరవ పారింది. మరుసటి ఏప్రిల్ నాటికి నీళ్లు మోకాటి లోతుకు తగ్గాయి. ఇంగిలాయి బురదను అంటిపెట్టుకుని బతికే చేప కాబట్టి, నీరు తగ్గేకొద్దీ మా గాలాలకు అదే ఎక్కువగా పడసాగింది.

ఆ రోజు పొద్దు వాలాక ఎర్రను గుచ్చి వేసిన గాలం బెండు ఒక్కసారిగా మునిగింది. లాగితే జానెడుకు పైగా పొడవున్న ఇంగిలాయి వచ్చింది. నలుపులో ముదురెరుపు కలిసిన ఒళ్లు, మూతి చుట్టూ ఎనిమిది మీసాలు, పొలుసు అన్నది లేకుండా జారిపోయే చర్మం. గాలం గొంతులోకి దిగిపోయింది. దాన్ని తీయడానికి తల వెనుక పట్టుకోబోయాను. అది ఒక్క మెలిక తిరిగి, చెంప పక్కన రెక్కకు ఉండే ముల్లును నా ఎడమ బొటనవేలి మొదట్లో దించింది.

మొదట తేలు కుట్టినట్టు ఒక్క పోటు. నిమిషం తిరగకుండానే ఆ పోటు మణికట్టు దాటింది. పది నిమిషాలకు మోచెయ్యి దాటి, చంకలో బిళ్ల కట్టినట్టు బరువెక్కింది. రక్తం రెండు చుక్కలకు మించి రాలేదు గానీ, గుచ్చుకున్న చోటు చుట్టూ రూపాయి బిళ్లంత మేర తెల్లగా పాలిపోయి, దాని అంచు ఎర్రగా కందిపోయింది. కట్ట మీద ఉన్నవాళ్లలో ఒకరు సున్నం రాయమన్నారు, ఇంకొకరు కిరసనాయిలు పోయమన్నారు, మరొకరు తువ్వాలుతో చేతిని గట్టిగా బిగించి కట్టారు. బిగించి కట్టడం వల్ల విషం ఆగదు సరికదా, నొప్పిని, వాపును ఒకేచోట బంధించినట్టయింది. అక్కడి నుంచి దారిలో ఉన్న ఒక క్లినిక్‌కు వెళితే, అక్కడివాళ్లు తువ్వాలు విప్పి, ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి వేలి మీద పెట్టారు. ఆ చల్లదనానికి నా నొప్పి రెట్టింపయింది. ఆ గోడ మీద పాము కాటు గురించీ, కుక్క కాటు గురించీ బొమ్మలతో సహా సూచనలు అతికించి ఉన్నాయి గానీ, చెరువుల మధ్య బతికే ఈ ప్రాంతంలో చేప ముల్లు గురించి ఒక్క ముక్క కూడా లేదు. నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం ఇదే.

ఇంటికి చేరేసరికి మా మామ కాగు కింద మంట పెట్టి స్నానానికి నీళ్లు కాస్తున్నారు. ఆయన సూళ్లూరుపేట వైపు మనిషి. చిన్నతనమంతా పులికాట్ సరస్సులో వలలు లాగినవారు గనుక జెల్ల ముల్లు దెబ్బ ఆయనకు కొత్త కాదు. నా చెయ్యి చూసి ఏమీ అడగకుండా బకెట్లో వేడినీళ్లు పోసి, చన్నీళ్లతో సరిచేసి, “అల్లుడా, ముందు మంచి చెయ్యి పెట్టి చూడు, అది ఓర్చుకుంటేనే ఈ చెయ్యి పెట్టు” అన్నారు. ఆ మాటలోని జాగ్రత్త నాకు తరువాత అర్థమైంది. ముల్లు దిగిన చేతికి నొప్పి తప్ప మరేదీ తెలియదు కాబట్టి, నీళ్లు మరీ వేడిగా ఉంటే చర్మం బొబ్బలెక్కే దాకా మనకు తెలియదు. నీటి వేడి 45 డిగ్రీలకు మించకూడదు. థర్మామీటరు లేని ఇంట్లో మంచి చెయ్యే కొలత.

చెయ్యి ముంచిన ఐదో నిమిషానికి చంకలో బరువు దిగింది. ఇరవై నిమిషాలకు పోటు మోచెయ్యి నుంచి మణికట్టుకు, మణికట్టు నుంచి వేలికి వెనక్కి వచ్చింది. చెయ్యి పైకి తీస్తే నొప్పి మళ్లీ మొదలయ్యేది, ముంచితే తగ్గేది. నీళ్లు చల్లారిన కొద్దీ కాగులోంచి చెంబుతో తెచ్చి పోస్తూ, పోసిన ప్రతిసారీ మంచి చేతితో చూసుకుంటూ, దాదాపు గంటసేపు అలాగే కూర్చోబెట్టారు. ఈ గంట లెక్క మా మామ సొంతం కాదు. అరగంట నుంచి గంటన్నర వరకు ఇలా ఉంచడమే ఇలాంటి చేపల ముళ్లన్నింటికీ వైద్యులు చెప్పే ప్రథమ చికిత్స. పులికాట్‌లోనూ సముద్రంలోనూ దొరికే టేకు చేప తోక ముల్లుకు కూడా ఇదే పద్ధతి. అయితే అది ఛాతీలోనో కడుపులోనో లోతుగా దిగితే మాత్రం బయటికి లాగకుండా అలాగే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మరుసటి రోజు ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకున్నాను. దాన్ని మానకండి, చెరువు బురదలో ఆడిన ముల్లది. పాము విషానికి వేసే మందు దీనికి పనికిరాదు, దాని కోసం ఎవరినీ ఒత్తిడి చేయవద్దు. గాయాన్ని కోయడం, నోటితో పీల్చడం రెండూ తప్పే. షుగరు ఉన్నవాళ్లు, కాలేయం జబ్బు ఉన్నవాళ్లు నొప్పి తగ్గిందని ఇంట్లో కూర్చోకూడదు, ఎందుకంటే నీటిలోని సూక్ష్మజీవులు గాయంలో చేరితే విషం కన్నా అవే ఎక్కువ హాని చేస్తాయి. ఎవరికైనా సరే ఊపిరి ఆడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక తినడం సంగతి. మన దగ్గర ‘విషపు చేప’ అనే ఒకే మాటతో రెండు వేర్వేరు విషయాలను కలిపేస్తున్నారు. ఇంగిలాయికీ జెల్లకూ విషం ముల్లులో ఉంటుంది, అది మన ఒంట్లోకి గుచ్చుకుంటేనే బాధ. పట్టుకోగానే పొట్టను బంతిలా ఉబ్బించుకునే సముద్రపు చేప ఒకటుంది, దానికి విషం లోపలి అవయవాల్లోనూ చర్మంలోనూ ఉంటుంది, ఎంత ఉడికించినా పోదు, ప్రాణం తీస్తుంది. రెండోదాన్ని పారేయాలి. మొదటిదాన్ని వండుకోవాలి. ఏర్పేడు దగ్గర ఐఐటీలో పనిచేసే బెంగాలీ మిత్రుడు, తమ వైపు ఇదే చేపను సింగి అంటారనీ, జబ్బు నుంచి కోలుకుంటున్నవారికి పల్చటి పులుసుగా చేసి పెడతారనీ చెప్పినప్పుడు, మా కట్ట మీద రాళ్లతో కొట్టి ఒడ్డున పారేసిన ఇంగిలాయిలన్నీ గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

పట్టేటప్పుడు ముళ్లు ఎక్కడున్నాయో తెలిసి ఉండాలి. జెల్లకు వీపు మీద ఒకటి, పక్క రెక్కలకు ఒక్కొక్కటి, మొత్తం మూడు. ఇంగిలాయికి వీపు మీద ముల్లు లేదు, పక్కన రెండే. చాలామంది వీపు ముల్లు కోసం వెతుకుతూ పక్క ముళ్లకు చెయ్యి అందిస్తారు. గాలం గొంతులోకి పోతే దాని కోసం వేళ్లు పెట్టకుండా దారాన్ని తెంపేయడమే మేలు, గాలం పోతే ఎన్ని రూపాయలు పోతాయి? చేపను తడి గోనెసంచితో కప్పి నేలకు అదిమిపట్టి, తల మీద ఒక్క దెబ్బ గట్టిగా వేసి, కటింగ్ ప్లేయరుతో ముళ్లను మొదలంటా కత్తిరించాలి. కదలడం లేదని చచ్చిందనుకోవద్దు. దానికి మొప్పల వెనుక గాలి పీల్చే తిత్తులు ఉండటం వల్ల నీళ్లు లేకుండానే చాలాసేపు బతుకుతుంది. నన్ను పొడిచిన చేప తడి గోనెసంచిలో తెల్లవారేదాకా బతికే ఉంది. నిజంగా చచ్చినా ముల్లులో విషం ఉంటుంది, కాబట్టి కడిగే ఆడవాళ్లకు ముళ్లతో సహా చేపను ఇవ్వడం అన్యాయం. కత్తిరించిన ముళ్లను కాగితంలో చుట్టి పూడ్చండి. ఉత్త కాళ్లతో గొర్రెలు తోలుకొచ్చేవాళ్లు నడిచే కట్ట మీద వాటిని విసిరేయడం నేను ఎన్నోసార్లు చూశాను, ఎన్నోసార్లు గొడవ కూడా పడ్డాను.

తరువాత పని తేలిక. బూడిద గానీ కల్లుప్పు గానీ పట్టించి జిగురు పోయేదాకా రుద్ది, రెండు మూడు నీళ్లు మార్చి కడిగి, పేగులు తీసేసి, ముక్కలు కోసి చింతపండు పులుసులో బాగా ఉడికించాలి. మా అత్త మరుసటి రోజు చేసిన పులుసును రాగి సంగటితో తిన్నాం. కట్టు కట్టిన ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను, ఎవరికీ ఏమీ కాలేదు.

మీ తమ్ముడి విషయంలో ఇంకొక్కటి గమనించండి. రెండు మూడు రోజుల తరువాత కూడా వేలు వంచినప్పుడు లోపల ఏదో గుచ్చుకుంటున్నట్టు ఉన్నా, వాపు పైకి పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం తగిలినా, ముల్లు ముక్క విరిగి లోపలే ఉండిపోయి ఉండవచ్చు. డాక్టరుకు చేప ముల్లు అని స్పష్టంగా చెప్పి ఎక్స్‌రే తీయించండి.