ఆ ఒక్క అంకే ఎర్రగా ఎందుకు రాదు?

ప్రశ్న: మాస్టారూ, మాది 24 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. ఈ ఏడాది సెక్రటరీ పని నాకు అప్పగించారు. నోటీసు బోర్డులో పెట్టే మెయింటెనెన్స్ లెక్క ఎక్సెల్‌లో చేస్తున్నాను. ఫ్లాట్ నంబరు, బాకీ, గడువు తేదీ మూడు సెల్స్ నుంచి తెచ్చి, ఫార్ములాతో ఒకే వాక్యంగా కలిపాను. అందులో బాకీ అంకె ఒక్కటే ఎర్రగా, బోల్డ్‌లో కనబడాలి. రంగు వేస్తే వాక్యమంతా ఎర్రబడుతోంది. పైగా 2025 ఏప్రిల్ 1 అని రావలసిన చోట 45748 అని వస్తోంది. తప్పు ఎక్కడ చేస్తున్నాను?
– ఓ పాఠకురాలు, మధురవాడ

జవాబు: మీ తప్పేమీ లేదమ్మా. మీరు చేత్తో టైపు చేసిన వాక్యమైతే అందులో ఒక్క మాటకే రంగు వేయొచ్చు. ఫార్ములా ఉన్న సెల్‌లో మాత్రం కుదరదు. అక్కడ నిజంగా ఉన్నది ఫార్ములాయే. కనిపించే వాక్యం లెక్క మారినప్పుడల్లా కొత్తగా పుడుతుంది. ఎన్నో అక్షరం నుంచి ఎన్నో అక్షరం దాకా ఎరుపు అన్నది గుర్తుంచుకోవడానికి దానికి చోటు లేదు. అందుకే రంగు వేస్తే సెల్ మొత్తానికీ పడుతుంది.

విశాఖ డాబాగార్డెన్స్‌లో నేను డీటీపీ పని చేసే రోజుల్లో ఫిషింగ్ హార్బర్ నుంచి ఒక బోటు యజమాని ఇదే కోరికతో వచ్చారు. డీజిలు, ఐసు, కళాసీల వాటాల లెక్క అది. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలయ్యేలోగా అందరి బాకీలూ తేల్చాలని ఆయన తొందర. ఫార్ములాలను కాపీ చేసి, పేస్ట్ వాల్యూస్‌తో మామూలు అక్షరాలుగా మార్చి, అంకెలకు చేత్తో ఎరుపు వేసి ఇచ్చాను. వారం తిరిగేసరికి అసలు లెక్క మారింది, ఎర్ర అంకె మాత్రం పాతదే ఉండిపోయింది. ఆ కాగితం పట్టుకుని ఆయన ఒక కళాసీని నిలదీశారు. పాపం, అతను అప్పటికే కట్టేశాడు. అందుకే ఆ దారి మీకు చెప్పను.

వాక్యాన్ని మూడు ముక్కలు చేయండి. పక్కపక్క సెల్స్‌లో మొదటి ముక్కను కుడికి, బాకీని మధ్యకి, చివరి ముక్కను ఎడమకి జరిపి గీతలు తీసేస్తే ఒకే వాక్యంలా కనిపిస్తుంది. బాకీ సెల్‌కు కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టి, సున్నా కంటే ఎక్కువైతే ఎరుపు, బోల్డ్ అని చెప్పండి. డబ్బు కట్టినవాళ్ల ఎరుపు దానంతటదే పోతుంది. ఒక్కో ఫ్లాటుకూ విడి ఉత్తరం కావాలంటే వర్డ్‌లో మెయిల్ మెర్జ్ మేలు, అంటే ఒకే ఉత్తరంలో ఫ్లాటును బట్టి అంకెలు మారుతూ వచ్చే పద్ధతి. అక్కడ బాకీ వచ్చే చోటు (ఫీల్డ్) ఒక్కదానికే రంగు వేయొచ్చు.

ఇక ఆ 45748. ఎక్సెల్ తేదీని 1900 జనవరి 1 ఒకటో రోజుగా లెక్కపెట్టి అంకెగా దాచుకుంటుంది. వాక్యంలో కలిపితే తేదీ వేషం ఊడిపోయి ఆ అంకే మిగులుతుంది. కలిపే ముందు దాన్ని టెక్స్ట్ ఫంక్షన్‌లో పెట్టి, కోట్స్ మధ్య ఇంగ్లిషు అక్షరాల్లో డీడీ-ఎంఎం-వైవైవైవై అని ఇవ్వండి.

తెలుగులో నోటీసు కాబట్టి ఇంకొక్క మాట. మెర్జ్ చేసిన, అంటే ఒకటిగా కలిపేసిన సెల్స్‌లో వ్రాప్ టెక్స్ట్ (పొడుగు వాక్యాన్ని కింది లైనుకు మడిచేది) పెట్టినా వరుస ఎత్తు తనంతట పెరగదు. కింది లైను వత్తులు తెగిపోతాయి. ఎత్తు మీరే లాగాలి, అదీ 409 పాయింట్ల వరకే. తెర మీద సరిగ్గా ఉన్నది కాగితం మీద తెగొచ్చు, బోర్డుకు అంటించే ముందు ఒక్క ప్రతి తీసి చూసుకోండి.