పన్నెండు పుస్తకాల జాబితా, అమ్మమ్మగారి ఊరు, డిసెంబరులో క్లాట్

ప్రశ్న: ఇంటర్ సీఈసీ మొదటి సంవత్సరం పరీక్షలు రాశాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఈ డిసెంబరులో క్లాట్ (జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష) రాయాలనుకుంటున్నాను. సెలవుల్లో 12 ఇంగ్లిష్ పుస్తకాలు చదవాలని జాబితా రాసుకుంటే 20 రోజుల్లో ఒకటిన్నరే అయ్యాయి. ఇప్పుడు రెండు వారాలు అమ్మమ్మగారి ఊరు వెళ్లాలి. మేలో పెద్దమ్మ కూతురి పెళ్లి. మధ్యలో ఇంటికి చుట్టాలు. ఊరు మానేసి ఇంట్లోనే ఉండి చదువుకోమంటారా? – ఒక విద్యార్థిని, ఏలూరు

జవాబు: ఊరు మానేయకండి. మానేసినా ఆ జాబితా పూర్తికాదు. 300 పేజీల పుస్తకంలో పేజీకి 300 పదాల చొప్పున 90 వేల పదాలుంటాయి. కొత్త మాట వచ్చినప్పుడల్లా ఆగుతూ చదివేవాళ్ల వేగం నిమిషానికి 120 పదాలు అనుకుందాం. ఒక్కో పుస్తకానికి పన్నెండున్నర గంటలు పడుతుంది. మిగిలిన పదిన్నర పుస్తకాలకు 131 గంటలు కావాలి. ఏప్రిల్ 20 నుంచి మే 31 వరకు మీకున్నవి 42 రోజులు. ఒక్క రోజు కూడా తప్పకుండా మూడు గంటలకు పైగా కూర్చోవాలన్నమాట. చుట్టాలు ఒక్కరు రాకపోయినా జరిగే పని కాదిది. తప్పు మీ బద్ధకానిది కాదు, జాబితాది.

అసలు క్లాట్‌కు ఈ పుస్తకాలు ఎంతవరకు పనికొస్తాయి? 120 నిమిషాల్లో 120 ప్రశ్నలు. ప్రతి తప్పు జవాబుకు పావు మార్కు కోత. హైదరాబాద్‌లోని నల్సార్ అయినా, విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం అయినా అయిదేళ్ల లా కోర్సులో సీటుకు దారి ఈ పరీక్షే. లెక్కల విభాగంలోని పది పన్నెండు ప్రశ్నలు పక్కన పెడితే మిగిలినవన్నీ దాదాపు 450 పదాల పాసేజీల కిందే వస్తాయి. పాసేజీకి అయిదు ప్రశ్నలు వేసుకుంటే 21, 22 పాసేజీలు, అంటే దాదాపు 9,700 పదాలు. నిమిషానికి 120 పదాల వేగంతో పాసేజీలు చదవడానికే 80 నిమిషాలు పోతాయి. మిగిలిన 40 నిమిషాల్లో 120 ప్రశ్నలు, వాటి ఆప్షన్లు చదివి జవాబులు గుర్తించాలి. ఎంత తెలివైనవాళ్లకైనా అది సాధ్యం కాదు. అదే 200 పదాల వేగం ఉంటే పాసేజీలు 48 నిమిషాల్లో అయిపోతాయి. ఈ వేసవిలో మొదలుపెట్టి డిసెంబరులోగా మీరు సంపాదించాల్సింది ఆ తేడానే. అది నవలలతో రాదు. వాదనతో నడిచే చిన్న వ్యాసాలను గడియారం పెట్టుకుని చదివితే వస్తుంది. నవలలు రాత్రిపూట సరదాగా చదువుకోండి, లెక్కలో మాత్రం వేయకండి.

ముందు మీ ఇప్పటి వేగం తెలుసుకోండి. ఇంగ్లిష్ పత్రిక సంపాదకీయం ఒకటి తీసుకుని, అయిదు వరుసల్లో పదాలు లెక్కపెట్టి సగటు తీయండి. దాన్ని మొత్తం వరుసలతో గుణిస్తే పదాల సంఖ్య వస్తుంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చదవండి. చదివాక కాగితం బోర్లించి రెండు వాక్యాలు రాయండి: రచయిత ఏమంటున్నారు, అందుకు చూపిన ముఖ్య కారణం ఏమిటి. తెలుగులో రాసినా ఫర్వాలేదు. రాయలేకపోతే ఆ వేగం లెక్కలోకి రాదు. ఇలా మూడు వ్యాసాలు చేసి సగటు చూడండి.

ఇక క్యాలెండర్. చాలామంది చదువు వేళలు ముందు రాసుకుని చుట్టాలను అందులో ఇరికించాలని చూస్తారు. మీరు తిరగేసి చేయండి. అమ్మ దగ్గర కూర్చుని పెళ్లి తేదీ, ప్రయాణాలు, ఎవరు ఎప్పుడు వస్తున్నారో, ఆవకాయ ఎప్పుడు పెడుతున్నారో అన్నీ ముందు రాయండి. మీరు చెప్పినదాన్ని బట్టి నా అంచనా ఇది: మామూలుగా ఇంట్లో ఉండే రోజులు 17, ఊళ్లో 14, చుట్టాలు, ప్రయాణాలు 6, పెళ్లి 5. ఇంట్లో ఉన్న రోజు 120 నిమిషాలు, ఊళ్లో 50, చుట్టాలున్న రోజు 30, పెళ్లి రోజుల్లో సున్నా. కలిపితే 2,920 నిమిషాలు. జ్వరం, కరెంటు కోత, ఉన్నట్టుండి సినిమా ప్రయాణం – వీటికి అయిదో వంతు తీసేయండి. మిగిలేది దాదాపు 39 గంటలు. తక్కువనిపిస్తోందా? నిజంగా జరిగే 39 గంటలు కాగితం మీది 131 గంటల కంటే ఎక్కువే.

ఇందులో 20 గంటలు పాసేజీలకు. చదవడానికి నాలుగు నిమిషాలు, రెండు వాక్యాలు రాయడానికి మూడు, మళ్లీ నెమ్మదిగా చదివి ఎక్కడ పొరబడ్డామో చూసుకోవడానికి ఎనిమిది – ఒక్కోదానికి 15 నిమిషాలు. వేసవి మొత్తం మీద 80 అవుతాయి. ఇంట్లో ఉన్న రోజుల్లో పొద్దున 6 నుంచి 7.15 వరకు అయిదు చేయండి. మిగిలిన 19 గంటల్లో 12 గంటలు ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి రాజనీతిశాస్త్రంలో భారత రాజ్యాంగం మీద ఉన్న పుస్తకానికి. పది అధ్యాయాలు, ఒక్కోటి గంట పైన పడుతుంది. ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉంది. క్లాట్‌లో చట్టం ముందే తెలిసి ఉండక్కర్లేదు గానీ ఆ పదాలు అలవాటైతే పాసేజీ దగ్గర కంగారు తగ్గుతుంది. చివరి ఏడు గంటలు మీరు సగంలో వదిలిన ఆ పుస్తకానివి. జాబితాలో మిగతావి డిసెంబరు తర్వాత చూసుకోవచ్చు.

ఊళ్లో 50 నిమిషాలు ఎప్పుడు? రాత్రికి పెట్టుకోకండి. డాబా మీద పక్కలు వేసి పిల్లలంతా చేరాక ఏ పుస్తకమూ తెరుచుకోదు. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చాక ఇల్లు నిశ్శబ్దంగానే ఉంటుంది గానీ పప్పు, మామిడికాయ, నెయ్యితో భోంచేశాక మీకూ నిద్ర వస్తుంది. ఊళ్లో పెద్దవాళ్లు ఎలాగూ అయిదింటికే లేస్తారు. 6 నుంచి 6.50 వరకు వరండాలోనో అరుగు మీదో కూర్చోండి. ఒక సంపాదకీయం, తర్వాత 35 నిమిషాలు రాజ్యాంగం. ఈ లెక్కన రెండు వారాల్లో అయిదారు అధ్యాయాలు నిక్కచ్చిగా అవుతాయి.

ఈ చదువు వేళ సంగతి వెళ్లిన రోజే అమ్మ చేత అమ్మమ్మకు చెప్పించండి. చెప్పకుండా గదిలో తలుపేసుకుంటే “పిల్లకు మనమంటే పట్టలేదు” అన్న మాట మూడో రోజుకు వస్తుంది. అక్కడి నుంచి చదువూ ఉండదు, సరదా కూడా ఉండదు. వేళ ముందే తెలిస్తే ఎవరైనా పిలవబోయినా ఆవిడే ఆపుతారు.

ఊరికి తీసుకెళ్లే సంచిలో నాలుగు పుస్తకాలు కుక్కకండి. రాజ్యాంగం పుస్తకంలో ఆరు అధ్యాయాలు జిరాక్స్ షాపులో రెండు వైపులా ప్రింటు తీయించి స్పైరల్ బైండింగ్ చేయించుకోండి. అక్కడ ఇంగ్లిష్ పత్రిక రాకపోవచ్చు. కాబట్టి గత నెల పేపర్ల నుంచి 14 సంపాదకీయాలు కత్తిరించి ఫైల్లో పెట్టుకోండి. వాదన పట్టుకోవడానికి పాతవైనా ఒకటే. ఫోన్‌లో పీడీఎఫ్ వద్దు. పక్కన తమ్ముళ్లు చెల్లెళ్లు చేరితే పది నిమిషాల్లో అందులో ఆట మొదలవుతుంది. ప్రయాణం రైలైతే ఒకటి రెండు కాగితాలు చదవచ్చు. బస్సులో అయితే కళ్లు తిరుగుతాయి, నిద్రపోండి.

అమ్మాయిలకు ఇంకో చిక్కుంది, దాన్ని దాచి లాభం లేదు. చుట్టాలొస్తే కాఫీ గ్లాసుల నుంచి విస్తళ్ల దాకా అడపాదడపా పిలుపులు మీకే వస్తాయి. 30 నిమిషాల చదువును ముక్కలు చేసేది పని కంటే ఎప్పుడు పిలుస్తారో తెలియకపోవడమే. అమ్మతో మాట్లాడి ఫలానా పని నాది అని ఒకటి ఖాయం చేసుకోండి: పొద్దున టిఫిన్ల వడ్డన అంతా మీది, తర్వాత అరగంట మీది. ఇంట్లో తమ్ముడుంటే మంచినీళ్లు అందించడం ఆ అబ్బాయికీ చేతనవుతుంది.

చుట్టాల మధ్య గడిపే సమయం క్లాట్‌కు బొత్తిగా పనికిరానిదేం కాదు. పదిమంది చేరిన చోట పొలం పంపకాల మాట రాకుండా ఉండదు. క్లాట్‌లోని లీగల్ రీజనింగ్ విభాగంలో చేయాల్సింది నియమం ఏమిటి, జరిగిందేమిటి అని విడదీయడమే. ఒక ఉదాహరణ: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన హిందూ వారసత్వ చట్ట సవరణ కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది, అప్పటికే పెళ్లయినవాళ్లకు తప్ప. దేశమంతటికీ కూతుళ్లకు ఆ హక్కు 2005 సవరణతో వచ్చింది. ఆ రాష్ట్ర సవరణ ఒక్కటే నియమంగా ఇస్తే, పెళ్లి 1984లో జరిగిందా, 1987లో జరిగిందా అన్న ఒక్క వివరంతో జవాబు మారిపోతుంది. క్లాట్ ప్రశ్న తిరిగేది ఇలాంటి వివరం చుట్టూనే. తాతగారు చెప్పే సంగతులు విని, రాత్రి రెండు వరుసలుగా రాసుకోండి. పెద్దల ముందు తీర్పు మాత్రం చెప్పకండి.

పొరబాట్లు సాధారణంగా రెండు చోట్ల జరుగుతాయి. ఒకటి నిఘంటువు. తెలియని ప్రతి మాటకూ ఆగితే వేగం ఎప్పటికీ పెరగదు. మొదటిసారి ఆగకుండా చదివి, రెండోసారి అయిదు మాటలకు మించకుండా అర్థాలు చూడండి. విషయమే కొత్తగా ఉంటే, అదే అంశం మీద తెలుగు పత్రికలో వచ్చింది ముందు చదవండి. ఇంగ్లిష్ వాదన వెంటనే అందుతుంది. రెండోది బాకీ. నిన్న తప్పిన అయిదు, మొన్న తప్పిన అయిదు కలిపి ఇవాళ 15 చేస్తామనుకుంటే నాలుగో రోజుకు మొత్తం మానేస్తారు. తప్పిన రోజు తప్పినట్టే. అయిదో వంతు ముందే తీసేసింది అందుకే. పెళ్లి అయిదు రోజులకూ బాకీ లేదు. పుస్తకం పక్కన పెట్టుకుని తెరవకపోవడం కంటే అసలు తీసుకెళ్లకపోవడం నయం.

మే 31న మళ్లీ మూడు కొత్త వ్యాసాలతో వేగం చూడండి. రెండు వాక్యాలు సరిగ్గా రాయగలుగుతూ 150 దాటితే జూన్ నుంచి ఆదివారానికొక పాత క్లాట్ పేపరు పూర్తిగా రాయడం మొదలుపెట్టండి. 140 దగ్గరే ఆగితే మాక్ టెస్టులకు డబ్బు కట్టకండి. జులై ఆఖరు దాకా పొద్దుటి అయిదు పాసేజీలే కొనసాగించండి. దరఖాస్తులు సాధారణంగా జులై, ఆగస్టుల్లో మొదలవుతాయి, పరీక్ష డిసెంబరు మొదటి వారంలో ఉంటుంది కాబట్టి అప్పటికీ నాలుగు నెలలు మీ చేతిలో ఉంటాయి.