అప్‌వర్క్‌లో ప్రపోజల్స్‌కి జవాబు రాకపోతే

ఉద్యోగం మానేసి, ఫ్రీలాన్స్ పనులు దొరికే అప్‌వర్క్ సైట్‌లో వరసగా ప్రపోజల్స్ (పని ఇవ్వమని పెట్టే దరఖాస్తులు) పెడుతున్నా ఒక్కరూ పలకట్లేదన్నారు కదా. మీరు పెట్టిన నమూనా చదివానండీ. మొదటి నాలుగు లైన్లూ మీ గురించే: ఇన్నేళ్ల అనుభవం, రియాక్ట్ వచ్చు, నోడ్ వచ్చు (రెండూ వెబ్ యాప్స్ కట్టే టూల్సే). క్లయింట్‌కి లిస్టులో ముందు కనబడేది ఆ ముక్కే. అక్కడ అతని సమస్య ఉండాలి. "మీ చెకౌట్ పేజీ మొబైల్‌లో తెరిచి చూశాను, పేమెంట్ బటన్ కీబోర్డ్ కిందకి పోతోంది, ఒక రోజు పని" అని మొదలుపెట్టి చూడండి. ఎలాగూ ప్రతి ప్రపోజల్‌కీ కనెక్ట్స్ (ప్రపోజల్ పెట్టడానికి అప్‌వర్క్‌లో వాడే టోకెన్లు) ఖర్చవుతాయి. పది చోట్ల ఒకటే అతికించే బదులు రెండింటికి శ్రద్ధగా రాయడం నయం.

అసలు నన్నడిగితే, మంచి పనులు అక్కడిదాకా రాకముందే ఎవరికో ఒకరికి వెళ్లిపోతాయి. పాత మేనేజర్లకీ, కంపెనీ మారిన కొలీగ్స్‌కీ విడివిడిగా మెసేజ్ పెట్టండి. "ఏదైనా పనుంటే చెప్పండి" అంటే ఎవరికీ ఏమీ తట్టదు. "పాత యాంగ్యులర్‌జేఎస్ యాప్స్‌ని రియాక్ట్‌లోకి మారుస్తున్నాను" అంటే ఫలానా వాళ్లకి కావాలని గుర్తొస్తుంది. (యాంగ్యులర్‌జేఎస్ కూడా వెబ్ యాప్స్ కట్టేదే, దానికి గూగుల్ సపోర్ట్ 2021 డిసెంబరుతోనే ఆగిపోయింది, అందుకే ఉదాహరణగా తీసుకున్నా.) చిన్న డిజైన్ ఏజెన్సీలకీ రాయండి. రేటు కాస్త తక్కువే, కానీ ఒకసారి నమ్మకం కుదిరితే పని వాళ్లే పంపుతుంటారు. హ్యాకర్ న్యూస్ అనే టెక్ ఫోరంలో నెల మొదట్లో వచ్చే ఫ్రీలాన్సర్ థ్రెడ్ కూడా వదలొద్దు.

రేటు సగానికి తగ్గించాలా అన్నారు. వద్దండీ. చిన్న పనిని ఫిక్స్‌డ్ రేటుకి ఒప్పుకోండి, క్లయింట్ డబ్బు ఎస్క్రోలో (పని అయ్యేదాకా అప్‌వర్క్ పట్టి ఉంచే ఖాతాలో) పడ్డాకే మొదలుపెట్టండి.